ఒకే నొక్కుకు రెండు చేతులు

జనగామ పక్కనే ఉన్న పెంబర్తి ఇత్తడి పని మీద ఓ డిగ్రీ విద్యార్థిని వెబ్‌పేజీ తయారు చేస్తోందనుకుందాం. బొమ్మలు చక్కగా వచ్చాయి. మూలనున్న మెనూ బటన్ మాత్రం ఎంత నొక్కినా తెరుచుకోదు. ఎర్రర్ కూడా ఏమీ లేదు.

మేడ మెట్ల లైటుకు కింద ఒకటి, పైన ఒకటి స్విచ్‌లుంటాయి. ఇద్దరు మనుషులు ఆ రెండిటినీ ఒకేసారి నొక్కితే చీకటి చీకటిగానే ఉంటుంది. ఇక్కడా అంతే. మూసి ఉంటే తెరువు, తెరిచి ఉంటే మూయి: మెనూ స్క్రిప్టుకు తెలిసింది ఇదొక్కటే. అది పేజీలోకి రెండుసార్లు వచ్చింది. మొదటిది తెరిచింది, తెర మీద బొమ్మ మారేలోపే రెండోది మూసేసింది. ముచ్చటేమిటంటే, మూడోసారి కూడా లోడ్ చేస్తే మెనూ తెరుచుకుంటుంది!

బ్రౌజరు దీన్ని ఎందుకు పట్టుకోదు? ఒకే ఫంక్షన్‌ను ఒకే బటన్‌కు రెండుసార్లు తగిలిస్తే రెండోదాన్ని అది వదిలేస్తుంది. కానీ ఫైలు మళ్లీ నడిచినప్పుడు ఫంక్షన్ కొత్తగా పుడుతుంది. అక్షరం పొల్లుపోకుండా అదే అయినా మెమరీలో వేరు. కవలలు ఎంత ఒకేలా ఉన్నా హాజరుపట్టీలో రెండు పేర్లుంటాయి కదా! ఫైలు ఒక్కసారే డౌన్‌లోడ్ అయి, రెండోసారి కాష్‌లోంచి వచ్చినా సరే, ట్యాగులు రెండుంటే రెండుసార్లు నడుస్తుంది. ఫైలు పైభాగంలో 'లెట్'తో ప్రకటించిన పేరుంటే రెండో కాపీ ఎర్రరిచ్చి ఆగిపోతుంది. పాత 'వార్' అయితే నోరు మెదపదు. అందుకే ఇలాంటి బగ్‌లలో మౌనంగా ఉండేవే ఎక్కువ ఏడిపిస్తాయి.

పట్టుకోవడం తేలికే. స్క్రిప్టు మొదటి వరుసలో కన్సోల్‌కు ఒక మాట రాయించి, ఎఫ్12 నొక్కి చూడాలి. క్రోమ్‌లో ఆ మాట పక్కన 2 అంకె కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఎవరు పిలిచారో నెట్‌వర్క్ ట్యాబ్‌లోని ఇనిషియేటర్ గడి చెబుతుంది. వర్డ్‌ప్రెస్ పేజీల్లో తరచూ థీమ్ ఒకసారి, ప్లగిన్ ఒకసారి పిలిచి ఉంటాయి. నిజానికి అక్కడ ఒక పేరుతో నమోదైన స్క్రిప్టు ఒక్కసారే వస్తుంది. అదే ఫైలును రెండు పేర్లతో నమోదు చేస్తే ఆ కాపలా పనిచేయదు.

1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తొలిరూపం ఇచ్చిన జావాస్క్రిప్ట్‌లో 'ఒక్కసారే' అనే కట్టడి లేదు. 2006లో జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ వచ్చాక మరో తలనొప్పి మొదలైంది. దాన్ని రెండుసార్లు లోడ్ చేస్తే రెండో కాపీ మొదటిదాని చోట కూర్చుంటుంది, మొదటిదానికి తగిలించిన ప్లగిన్‌లు కనిపించకుండా పోతాయి. 2015 ప్రమాణంలో చేరిన మాడ్యూళ్లు చివరికి దారి చూపాయి. ఒక చిరునామాలోని మాడ్యూల్ పేజీలో ఒక్కసారే నడుస్తుంది. చిరునామా చివర వెర్షన్ నంబరు మారితే మాత్రం, బ్రౌజరు లెక్కలో అది వేరే మాడ్యూల్.