చెరువులో పట్టిన కొర్రమీనుకు గుళికల మేత అలవాటు చేయడం ఎలా?

ఫామ్ పాండ్‌లోనో, ఇంటి దగ్గర టార్పాలిన్ తొట్టిలోనో కొర్రమీను వేద్దామనుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "చెరువులో పట్టిన పిల్లలు తెచ్చి వేశాం, ఫీడ్ ముట్టడం లేదు, ఏం చేయాలి?" పద్ధతి మొత్తం పై వీడియోలో చూపించాను. కొలతలు, రోజుల లెక్క రాసి పెట్టుకోవడానికి వీలుగా ఇక్కడ వివరంగా ఇస్తున్నాను.

ఎందుకు తినదు?

కొర్రమీను వేటాడే చేప. బొచ్చె, రవ్వులాగా తవుడు, చెక్క వేస్తే వచ్చి తినే రకం కాదు. చెరువులో దానికి ఆహారమంటే కదిలేది: పరిగెలు, రొయ్య పిల్లలు, పురుగులు, కప్ప పిల్లలు. ఒంటి పక్కన ఉండే గీతతో నీటిలో కదలికను పసిగడుతుంది, కంటితో చూస్తుంది, వాసన పట్టి మింగుతుంది. మనం వేసే గుళికకు కదలిక లేదు, తెలిసిన వాసన లేదు, నోటికి గట్టిగా తగులుతుంది. కాబట్టి దాని లెక్కలో అది తిండే కాదు, చిన్న రాయి.

"ఆకలేస్తే అదే తింటుందిలే" అని ఎండగడతారు చాలామంది. నష్టం అక్కడే మొదలవుతుంది. ఆకలేసిన కొర్ర పిల్ల గుళిక జోలికి పోదు, పక్కనున్న చిన్న కొర్రను మింగుతుంది. తొట్టిలో లెక్క తగ్గుతూ ఉంటుంది, చచ్చిన చేప మాత్రం తేలదు. రైతు దొంగలు పడ్డారనుకుంటాడు. పద్ధతి ఒక్క మాటలో చెప్పాలంటే, కదలిక, వాసన, మెత్తదనం మూడూ ఒకేసారి మార్చకండి. ఒక్కొక్కటిగా మార్చండి.

ముందు తొట్టి సిద్ధం చేసుకోవాలి

- పిల్లలన్నీ ఒకే సైజు ఉండాలి. పెద్దవి, చిన్నవి వేరు తొట్లలో వేయండి. వారానికోసారి మళ్లీ వేరు చేయండి.
- పైన వల తప్పనిసరి. ఇది ఎగిరి బయటపడే చేప. నీటిమట్టం అంచుకు అడుగు కిందే ఉంచండి. కొర్ర పైకొచ్చి గాలి పీల్చుకోవాలి కాబట్టి వలకూ నీటికీ మధ్య ఖాళీ ఉండాలి.
- సగం తొట్టిలో గుర్రపుడెక్క వేయండి. దాక్కునే చోటుంటే బెదురు తగ్గుతుంది. మిగతా సగం మేత వేయడానికి ఖాళీగా ఉంచండి.
- వలలో పట్టిన పిల్లలకు ఒంటి మీద గీతలుంటాయి. లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున రాళ్ల ఉప్పు కలపండి. మొదటి రోజు మేత వేయకండి, కుదుటపడనివ్వండి.

మనవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. జీవామృతం పొలానికి మంచిదని ఈ చిన్న తొట్టిలో పోయకండి. పేడ కుళ్లి నీటిలో అమ్మోనియా పెరుగుతుంది. వేప కషాయం, అగ్నిఅస్త్రం కలిపిన డ్రమ్ములు, బకెట్లు కూడా వాడకండి, అవి చేపకు విషం. కొర్ర పైగాలి పీలుస్తుంది కాబట్టి నీళ్లు పాడైనా వెంటనే చావదు. ముందు మేత మానేస్తుంది. అందుకే మేత మానేసిందంటే మొదట నీళ్లు చూడండి, తర్వాతే ఫీడ్‌ను అనుమానించండి.

మొదటి మెట్టు: బతికున్న మేత (3 నుంచి 5 రోజులు)

చిన్న రొయ్యలు, వానపాములు ఇవ్వండి. రోజూ ఒకే వేళ, ఒకే మూల. తెల్లవారుజామున, పొద్దుగూకేటప్పుడు బాగా తింటాయి. మేత వేసే ముందు తొట్టి అంచు మీద రెండుసార్లు తట్టండి. తట్టిన చప్పుడుకు ఆ మూలకు చేరడం మొదలైతే సగం పని అయినట్టే.

వర్మీ బెడ్‌లోని ఎర్ర వానపాము ఒత్తితే పసుపు ద్రవం వదులుతుంది. ఆ ఘాటుకు కొన్ని చేపలు నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తాయి. అలా జరిగితే చేనుగట్టున తవ్విన మామూలు వానపాములు వాడండి.

రెండో మెట్టు: చచ్చిన మేత, కదలిక మనది (4, 5 రోజులు)

అవే రొయ్యలు, చిన్న చేపలు చంపి, ముక్కలు కోసి వేయండి. చిన్న పంపు నీటి ధారలో పడేస్తే ముక్క తిరుగుతూ పోతుంది, కొర్ర వెంటపడుతుంది. తర్వాత పంపు ఆపి, మునిగే ముక్కను కూడా అందుకుంటుందేమో చూడండి. గుంపులో ఒక్కటి మొదలుపెడితే మిగతావి పోటీకి వస్తాయి. ఇప్పటికే మేత అలవాటైన, అదే సైజు కొర్రలు రెండు మూడు దొరికితే కలపండి. మనం పది రోజుల్లో నేర్పేది అవి త్వరగా నేర్పుతాయి.

మూడో మెట్టు: ముద్ద (సుమారు నెల)

చేప ముక్కలు మెత్తగా రుబ్బి, ఫీడ్ పొడి కలిపి, విడిపోకుండా కొంచెం గోధుమపిండి చేర్చి ముద్ద చేయండి. పళ్లెంలో పెట్టి ఒక జానెడు లోతున వేలాడదీయండి.

100 గ్రాముల ముద్దకు మొదటి మూడు రోజులు 90 గ్రాముల చేప, 10 గ్రాముల ఫీడ్. తర్వాత మూడు రోజులు 80, 20. ఇలా మూడు రోజులకు పదేసి శాతం మారుస్తూ పోతే 28వ రోజుకు మొత్తం ఫీడే అవుతుంది. వియత్నాంలో మెకాంగ్ డెల్టా కొర్ర సాగులోనూ ఇలా మెల్లమెల్లగానే మారుస్తారు.

ఎంత వేయాలి? చేపల మొత్తం బరువులో రోజుకు సుమారు 5 శాతంతో మొదలుపెట్టండి. 5 గ్రాముల పిల్లలు 500 ఉంటే మొత్తం రెండున్నర కిలోలు, అంటే రోజుకు 125 గ్రాములు, రెండు మూడు పూటలుగా. అరగంటలో తినకుండా మిగిలింది తీసేయండి.

నాలుగో మెట్టు: గుళిక

నోటి కన్నా చిన్న సైజు, 40 శాతం పైన ప్రోటీన్ ఉన్న తేలే గుళికలు తీసుకోండి. ముందు చేప రుబ్బిన నీళ్లలో నానబెట్టి మెత్తగా వేయండి. రోజురోజుకూ నానబెట్టే సమయం తగ్గించి, చివరికి పొడివే వేయండి.

గుళిక నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తే నిరాశపడకండి, అది మంచి గుర్తు. తిండని గుర్తుపట్టింది, గట్టిదనమే నచ్చలేదు. ఇంకాస్త నానబెట్టండి. రెండు పూటలు అసలు దగ్గరికే రాకపోతే ఒక మెట్టు వెనక్కి వెళ్లండి. పొట్ట లోపలికి పోయి, తల పెద్దదిగా కనిపించే పిల్లలను వెంటనే వేరుచేసి బతికున్న మేత ఇవ్వండి. ఎంత చేసినా కొన్ని అలవాటు పడవు. వాటిని వేరుగా ఉంచడమే మిగతావాటికి రక్ష.

అక్వేరియంలో మట్టగిడసలాంటి వేట చేపలు పెంచేవాళ్లకూ ఇవే మెట్లు. అక్కడ ఒంటరి చేపకు పోటీ ఉండదు కాబట్టి ఓపిక ఇంకొంచెం ఎక్కువ కావాలి.

ఫీడ్ వేస్తే ప్రకృతి సేద్యం అవుతుందా?

కొన్న గుళిక మన ఆవు పేడలాంటిది కాదు, నిజమే. కానీ రెండో దారి ఖర్చు కూడా చూడండి. చిన్న చేపలతోనే పెంచితే కిలో కొర్రకు సుమారు నాలుగు కిలోలు పడతాయి. ఆ పరిగెలు పేదింటి కూర, చెరువు ప్రాణం. ఈ కారణంతోనే కంబోడియా 2004లో కొర్రజాతి చేపల సాగును నిషేధించింది. పెంచిన తల్లుల నుంచి పిల్ల తీయడం, గుళికకు అలవాటు చేయడం కుదిరాక 2016లో ఎత్తేసింది.

పిల్ల విషయంలోనూ అంతే. వానాకాలంలో తల్లిదండ్రులు కాపలా కాసే ఎర్రటి పిల్లల గుంపును మొత్తం ఊడ్చి తేకండి. చెరువు మీద హక్కున్న మత్స్యకార సంఘాన్ని అడగకుండా వల వేయకండి. హేచరీలో ఫీడ్ అలవాటు చేసిన పిల్ల దొరికితే అదే కొనండి. ధర ఎక్కువైనా ఈ ఆరు వారాల పని తప్పుతుంది.

కొత్తవాళ్లు వెయ్యి పిల్లలతో కాదు, వంద పిల్లలతో మొదలుపెట్టండి. ముద్ద కలిపే పద్ధతి, పళ్లెం కట్టే తీరు వీడియోలో ఉన్నాయి. మీ చేప ఏ మెట్టు దగ్గర ఆగిందో, ఎన్నో రోజో కామెంట్‌లో రాయండి. అది తెలిస్తేనే సరైన జవాబు చెప్పగలను.