టర్బో పోయిందన్నారు, పోయింది జానెడు పైపు

సిరొంచ నుంచి అల్లాపల్లి దాకా సుమారు 100 కిలోమీటర్లు. ఆ రోడ్డు మీద బండి నడిపినోళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. వానలు వెళ్లాక గుంతల మధ్యల రోడ్డును వెతుక్కోవాలి. అంతా అడవి, ఫోను పలకని చోట్లు. జిల్లా కచేరీలన్నీ ఉన్న గడ్చిరోలి ఇంకా అవతల. పెద్ద రోగమొస్తే మాత్రం మన తెలుగోళ్లు చాలామంది అటు పోరు. గోదావరి వంతెన దాటి కాళేశ్వరం మీదుగా వరంగల్లుకో, ప్రాణహిత దాటి మంచిర్యాలకో వస్తారు. వంతెనలు లేనప్పుడు పడవలే దిక్కు. ఇప్పుడు కిరాయి కార్లు, జీపులు. మన మిల్లు కుటుంబాల పిల్లలు కూడా కొందరు ఈ సరిహద్దులో స్టీరింగ్ పట్టుకునే బతుకుతున్నారు. అందుకే ఈ నెల బండి ముచ్చట రాస్తున్నా.

మా అక్క కొడుకు ఒక చిన్న పెట్రోల్ టర్బో కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ముందటి ఓనరు షోకిలా మనిషి. అద్దం పక్కన గుండ్రటి బూస్ట్ మీటరు బిగించుకున్నాడు. కంపెనీ ఇచ్చింది కాదు, బయట కొన్నది. ఆరు నెలలు బండి బాగానే నడిచింది. తర్వాత ఇంజిన్ వేడెక్కినాక ఎక్కడన్నా ఆపితే ఆర్పీఎం ముల్లు 600కు పడేది, 1300కు లేచేది, మళ్లీ పడేది. ఒక్కోసారి బండి దానంతటదే బంద్ అయ్యేది. బూస్ట్ మీటరు ముల్లు అంతకుముందు ఎత్తు ఎక్కేటప్పుడు 0.7 చూపేది, ఇప్పుడు 0.3 దాటుత లేదు.

ఒక మెకానిక్ దగ్గరికి తీస్కపోతే ఆయన మీటరు వైపు చూసి, "టర్బో పోయింది, మార్చాలె, 60 వేలైతది" అన్నాడట. బానెట్ సరిగ్గా ఎత్తనన్నా ఎత్తలేదు. మా అక్క పుస్తెలతాడు కుదువ పెట్టడానికి సిద్ధమైంది. ఆ బండికి పక్కా గిరాకీ ఒక ముసలాయన, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు తీస్కపోవాలి. నడిమిట్ల బంద్ అయ్యే బండిని ఆయన ఇంటోళ్లు ఎన్ని రోజులు నమ్ముతారు? "మామా, నువ్వొకసారి రా" అని పిల్లగాడు ఫోన్ చేసిండు.

నేను కార్ల మెకానిక్‌ను కాను. కానీ సైజింగ్ ఖాతాలో ఏండ్ల తరబడి ఆవిరి మీటరు ముందట నిలబడ్డవాణ్ణి. గంజి పట్టిన దారం సిలిండర్ల మీద ఆరాలంటే ఆవిరి ఒత్తిడి ఒక్క తీరుగా ఉండాలి. ఆ మీటరు లోపల ఏముంటదో మన పాతోళ్లకు తెలుసు: కొడవలి లెక్క వంగిన సన్నని ఇత్తడి గొట్టం. ఒత్తిడి పెరిగితే గొట్టం కొద్దిగా విచ్చుకుంటది, దాని కొసకు కట్టిన ముల్లు తిరుగుతది. ఫ్రాన్స్ దేశపు బూర్దాన్ అనే ఆయన 1849లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ముల్లున్న మెకానికల్ బూస్ట్ మీటరు కూడా అదే జాతి. ఇంజిన్ నుంచి సన్నని పైపు వస్తది, ఆ పైపులో గాలి ఎట్లుంటే ముల్లు అట్ల చెప్తది. పైపు చెడితే మీటరు ఏం చేస్తది పాపం.

టర్బో సంగతి కూడా రెండు మాటలు చెప్తా. ఇంజిన్ నుంచి పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతది, అదే కడ్డీకి అవతల ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని ఇంజిన్‌లోకి తోస్తది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లోనే ఈ ఆలోచనకు పేటెంటు తీసుకున్నాడు. చిన్న కార్లలో ఆ చక్రం నిమిషానికి లక్షకు పైన తిరుగుతది. అయితే అది గట్టిగా తోసేది యాక్సిలరేటర్ తొక్కినప్పుడే. బండి నిలబడి మెల్లగా ఆడుతున్నప్పుడు టర్బో పని దాదాపు ఏమీ ఉండదు. మరి నిలబడ్డప్పుడు ముల్లు గంతులేస్తే ముందుగా టర్బోను అనుమానించుడేంది? నాకు అక్కడే ఆ 60 వేల మాట మీద నమ్మకం పోయింది.

ముందుగాల ఇంజిన్ బంద్ చేసి మీటరు చూసినం. ముల్లు సున్నా మీద ఉంది. ఉండాల్సింది అక్కడే. ఇంజిన్ ఆగినప్పుడు కూడా ముల్లు సున్నాకు రాకపోతే మీటరే చెడిందని అనుకోవచ్చు. తర్వాత స్టార్ట్ చేసినం. పెట్రోల్ ఇంజిన్ మెల్లగా ఆడేటప్పుడు గాలిని లోపలికి గుంజుతది, ముల్లు సున్నా కిందికి పోవాలె. మంచి ఇంజిన్‌లో 0.6, 0.7 బార్ కిందికి పోతది. పాదరసం అంగుళాల మీటరైతే 18 నుంచి 20 చూపుతది. మాది 0.4 దగ్గర వణుకుతున్నది. అంటే ఎక్కడో పక్కదారిన గాలి దూరుతున్నది.

అట్ల దొంగ గాలి దూరితే బండి కంప్యూటర్ లెక్క తప్పుతది. గాలికి తగ్గట్టు పెట్రోల్ సరిచేయబోతది, స్పీడు లేస్తది, లేచిందని తగ్గిస్తది, పడిపోతది. ముల్లు గంతులు అవే.

మిల్లులో ఆవిరి లీకు దొరకకపోతే ఏం చేసేవాళ్లం? ఒక్కొక్క వాల్వు మూసి, ఎటువైపు ఆగిందో చూసేవాళ్లం. ఇక్కడా అదే చేసినం. ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, మీటరుకు పోయే పైపును మానిఫోల్డ్ దగ్గర ఊడదీసి, ఆ మూతికి రబ్బరు టోపీ పెట్టి క్లిప్పు వేసినం. మళ్లీ స్టార్ట్ చేసి, వేడెక్కేదాకా ఆగినం. ఆర్పీఎం 800 దగ్గర కదలకుండ నిలబడ్డది! పిల్లగాడు నా మొఖం దిక్కు చూసిండు.

పైపును చేతుల్లోకి తీసుకొని వంచి చూస్తే, ప్లాస్టిక్ టీ జాయింటు మూతి దగ్గర వెంట్రుక వాసి పగులు. బిగించినోడు దాన్ని టర్బో వేడి తగిలే దిక్కే వేసిండు. రబ్బరు ఎండిన చింతబరిగె లెక్క గట్టిపడ్డది. చల్లగా ఉన్నప్పుడు పగులు మూసుకుంటది, వేడికి, రోడ్డు కుదుపుకు తెరుచుకుంటది. పొద్దున బాగుండి మధ్యాహ్నం బండి సతాయించింది అందుకే.

ఇత్తడి టీ, కొత్త ముక్క వేసినం. నిలబడ్డప్పటి గోల పోయింది. కానీ అసరల్లి దిక్కు నాలుగు కిలోమీటర్లు తోలి చూస్తే మీటరు మళ్లీ 0.4 దాటలేదు. రోగం రెండు చోట్ల ఉందన్న మాట. ఒకటి దొరికిందని సంబురపడి ఇంటికి పోయినోళ్లు ఇక్కడే మోసపోతరు.

అప్పుడు సైకిల్ పంపు తెచ్చినం, గాలి లెక్క చూపే రకం. పైపు కొసకు పెట్టి 10 పీఎస్ఐ దాకా మెల్లగా కొడితే, 0.7 బార్ చూపాల్సిన మీటరు సగం చూపి కిందికి జారింది. పంపును నేరుగా మీటరు వెనకకే పెడితే 0.7 చూపి అక్కడే నిలబడ్డది. మీటరు బంగారం, పైపే దొంగ. సబ్బు నీళ్లు పూసుకుంట పోతే, ఇంజిన్‌కు, డ్రైవరు కాళ్లకు మధ్య ఉన్న రేకులోంచి పైపు దూరే చోట బుడగలు లేచినయి. రేకు అంచుకు రబ్బరు వాషరు వేయలేదు. గుంతల రోడ్డు మీద రాసుకొని రాసుకొని పైపుకు చిల్లు పడ్డది. (మీరు చేసేటప్పుడు పంపుతో 15 పీఎస్ఐ దాటనీయకండి, మీటరు పాడైతది. కారు టైరు గాలి అసలే పెట్టొద్దు. ఇంజిన్ మీద పెట్రోల్ చల్లి లీకు వెతికేటోళ్లను కూడా చూసిన, వేడి టర్బో పక్కన అది చితి పేర్చుకున్నట్టే. మెడలో తువ్వాలు తీసి పక్కన పెట్టండి, బెల్టు ఎవరినీ గుర్తుపట్టదు.)

పైపు మార్చి, రేకుకు రబ్బరు వేసినంక స్కానర్ ఉన్న ఒక పిల్లగాని దగ్గర సరిచూసుకున్నం. బండికి సొంతంగా ఒక ప్రెషర్ సెన్సార్ ఉంటది. ఇంజిన్ ఆపి తాళం తిప్పితే అది 100 కిలోపాస్కల్ దగ్గర చూపాలె, అది మన చుట్టూ ఉన్న గాలి. బండి లాగుతున్నప్పుడు 170 చూపింది. 100 తీసేస్తే 70, అంటే 0.7 బార్. మీటరూ అదే చెప్పింది. కంప్యూటర్‌లో పాత కోడు పి 0171 ఉండె, గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని దానర్థం. మెకానిక్ ఆ ఒక్కటి చూసినా సరిపోయేది.

నిజంగా టర్బో పోతే గుర్తులు వేరే. నీలం పొగ, ఇంజిన్ ఆయిల్ తగ్గుడు, ఇంటర్‌కూలర్ పైపులో నూనె మడుగు, ఈల లాంటి అరుపు, చక్రం కడ్డీని వేళ్లతో పట్టుకుంటే లొడలొడ ఆడుడు. ఇవేవీ లేకుండ మార్చాలంటే ఇంకో చోట చూపించండి. పైపులన్నీ మంచిగున్నా ముల్లు గంతులేస్తుంటే థ్రాటిల్ బాడీలో మసి, స్పార్క్ ప్లగ్గులు, ఇంటర్‌కూలర్ పైపుల క్లాంపులు చూడాలె.

ఇత్తడి టీ, రెండు మీటర్ల సిలికాన్ పైపు, క్లిప్పులు, రబ్బరు వాషరు, అన్నీ కలిపి 410 రూపాయలైనయి. స్కానర్ పిల్లగానికి 200.

"ఈ మీటరే పీకేద్దామా మామా?" అన్నాడు మావాడు. నేను వద్దన్న. గాలి ఎటు పోతున్నదో చెప్పే సాధనం బండిలో ఉంటే మంచిదే. మీలో ఎవరన్నా పీకేస్తే మాత్రం మానిఫోల్డ్ మూతిని మంచి రబ్బరు టోపీతో, క్లిప్పుతో మూయండి. బోల్టు కుక్కి టేపు చుట్టి వదిలేస్తే ఆ టేపు వేడికి ఊడి మళ్లీ మొదటికే వస్తది.