ప్రోగ్రాముల మార్పులకు చిట్టా

పెద్ద కంప్యూటరు ప్రోగ్రాము ఒక్కరు వ్రాయునది కాదు. ఒక్కనాటితో ముగియునదియు కాదు. అనేకులు కలసి దానిని ఏండ్ల తరబడి దిద్దుచుందురు. నిన్నటివరకు చక్కగా నడచినది నేటి దిద్దుబాటుతో చెడిపోవచ్చును. ఏ మార్పు వలన చెడినది? ఎవరు చేసిరి? పాత రూపమును మరల పొందుట ఎట్లు? ఈ ప్రశ్నలకు సమాధానమిచ్చునవే వెర్షన్ కంట్రోల్ సాధనములు.

1972లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మార్క్ రోచ్‌కైండ్ నిర్మించిన ఎస్.సి.సి.ఎస్. ఈ కోవలో తొలినాటిది. నేడు విరివిగా వాడబడుచున్న గిట్‌ను లినస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో ప్రారంభించెను. లినక్స్ బృందము అంతవరకు వాడిన బిట్‌కీపర్ అను సాధనమును ఉచితముగా వాడుకొను అవకాశము పోవుటయే దానికి కారణము.

గిట్‌లో ప్రతి నమోదును కమిట్ అందురు. అందులో ఆనాటి ఫైళ్ల స్థితి, చేసినవారి పేరు, సమయము, మార్పునకు కారణము, వెనుకటి కమిట్ గుర్తు ఉండును. ఈ గుర్తు ఎవరో ఇచ్చిన వరుస సంఖ్య కాదు. కమిట్‌లోని విషయము నుండియే గణితరీత్యా లభించును. సాధారణముగా దానికి 40 అక్షరములుండును. ఒక్క అక్షరము మారినను గుర్తు మారిపోవును. ఖాతా పుస్తకములో ప్రతి పుటకును వెనుకటి పుట మొత్తమును తెచ్చి వేసికొందురు గదా! అట్లే ఇచట పాత నమోదును దిద్దినచో తరువాతి గుర్తులన్నియు తారుమారై, ఆ సంగతి బయటపడును.

తప్పును వెదకుటలో ఈ చిట్టా మిక్కిలి ఉపయోగకరము. వేయి కమిట్‌ల క్రిందట ప్రోగ్రాము సరిగా నడచినదనుకొందము. మొదట నడిమి కమిట్‌ను పరీక్షింపవలెను. అది మంచిదైనచో దోషము తరువాతి సగములోను, కానిచో ముందు సగములోను ఉండును. ఇట్లు సగము సగము చేసికొని పోయినచో పది పరీక్షలలోనే దోషము దొరకును.

ఇద్దరు విడివిడిగా చేసిన మార్పులను గిట్ కలుపగలదు. ఇద్దరికిని మూలమైన ప్రతితో పోల్చి, వేరువేరు చోట్లనున్న మార్పులను తానే చేర్చును. ఇద్దరును ఒకే పంక్తిని వేరువేరుగా మార్చినచో నిర్ణయమును మనుష్యునికి విడిచిపెట్టును. కాని అది పంక్తులను చూచునే గాని అర్థమును చూడదు. ఒకరు పొడవును మీటర్ల నుండి సెంటీమీటర్లకు మార్చగా, మరియొకరు వేరొక ఫైలులో దానిని మీటర్లుగానే వాడిరనుకొందము. గిట్ రెండింటిని మారుమాటాడక కలుపును. లెక్క మాత్రము నూరు రెట్లు తప్పును. కావున కలిపిన తరువాత పరీక్ష తప్పనిసరి.

ఈ పనులను ఆదేశములు టైపుచేసి నడుపవచ్చును. గిట్‌హబ్ డెస్క్‌టాప్, టార్టాయిస్‌గిట్ వంటివి వానినే తెరపై చూపును. చేర్చిన పంక్తులు, తీసివేసిన పంక్తులు వేరువేరు రంగులలో కనిపించును. క్రొత్తవారికి ఇవి అనుకూలము.

అయితే చిట్టా ఒక్క కంప్యూటరులోనే ఉన్నచో, డిస్కు చెడిననాడు అదియు నశించును. ఇంకొక యంత్రములో దాని ప్రతి ఉండవలెను. కారణము వ్రాయుచోట “మార్పులు చేయబడినవి” అని ఊరకొనుటయు నిష్ప్రయోజనమే. ఏమి మారినదో గిట్ చూపగలదు. ఎందుకు మారినదో వ్రాసినవారే చెప్పవలెను.