టి కణములు – వాని కళ్లెములు

బొంబాయి కట్టడములకై వలస వచ్చిన తెలుగు కామాఠీల పేరనే కామాఠీపుర మేర్పడినది. ఆ పేటకును, మిల్లుల చుట్టు వెలసిన తెలుగువారి చాళ్లకును అనతిదూరమున, పరేలులో, 1941లో నెలకొనిన టాటా స్మారక వైద్యశాల కలదు. దవడను పొగాకు నుంచుకొని అలసట మఱచుట శ్రామికులలో పలువురి అలవాటు. భారతీయ పురుషులలో నోటి క్యాన్సరు ఇంతగా ప్రబలుటకు ముఖ్యకారణ మదియే. ఈ వ్యాధికిని మన రక్తమందలి టి కణములకును గల సంబంధము తెలియదగినది.

టి కణము తన గ్రాహకముతో శత్రువును గుర్తించును. గుర్తించినంత మాత్రమున విజృంభింపదు, సి.డి.28 అను మఱియొక గ్రాహకము అనుమతింపవలెను. అంతట లోపలి ఎంజైములు ప్రోటీనులకు ఫాస్ఫేటులను తగిలించును. ఒకదానినుండి వేఱొకదానికి వార్త ప్రాకి, కణము మేల్కొనును. మేల్కొన్నది తిరిగి శాంతింపకున్న స్వశరీరమునకే చేటు. కావుననే దానికి నిరోధక గ్రాహకములను కళ్లెము లున్నవి.

వీనిలో సి.టి.ఎల్.ఏ.-4, సి.డి.28 పట్టవలసిన అణువులను తాను మఱింత గట్టిగా పట్టి, అనుమతిని అందనీయదు. 1992లో జపానున హోంజో బృందము కనుగొనిన పి.డి.-1 మార్గము వేఱు. దానికి పి.డి.-ఎల్.1 తగిలినంతనే, దాని తోక ఎస్.హెచ్.పి.-2 అను ఎంజైమును చేరదీయును. అది ముందు తగిలించిన ఫాస్ఫేటులను, విశేషించి సి.డి.28 తోకయందలివానిని, తొలగించును. వార్త మొదటనే అణగిపోవును.

క్యాన్సరు కణము మాయలమారి. పి.డి.-ఎల్.1ను ఒంటిపై ధరించి, తన్ను చంపవచ్చిన టి కణమునకు తానే కళ్లెము బిగించును. నివోలుమాబ్ అను ప్రతిరక్షకము పి.డి.-1ను కప్పి ఆ బిగింపును తప్పించును. ఈ మార్గము చూపిన హోంజో, ఆలిసనులకు 2018లో నోబెల్ బహుమానము లభించినది.

దాని వెల మాత్రము కూలివాని కందునది కాదు. అయితే గ్రాహకములు కప్పబడిన పిమ్మట మందు నెంత పెంచినను కప్పుట కేమి మిగులును? స్వల్ప మోతాదుననే అవి చాలవరకు నిండునని తొలి పరీక్షలలోనే తేలియున్నది. రెండు వారముల కొకమాఱు 240 మిల్లీగ్రాము లిచ్చుట పరిపాటికాగా, టాటా వైద్యులు మూడు వారములకు 20 మాత్రమే యిచ్చి చూచిరి. నయము కాని దశలోనున్న తల, మెడ క్యాన్సరు రోగులు 151 మందిని రెండు జట్లుగా విభజించిరి. నోటిమందులు మాత్రమే పొందినవారిలో ఏడాది జీవించినవారు నూటికి 16.3, వానికి నివోలుమాబ్ చేర్చినపుడు 43.4. ఈ ఫలితములు 2022లో వెలువడినవి.

కళ్లెము సడలిన కణములు ఒక్కొక్కపుడు థైరాయిడును, ఊపిరితిత్తులను, ప్రేవులనుగూడ బాధించును. వైద్యుని కనుసన్నలలోనే ఈ చికిత్స జరుగవలెను. మఱియు పై లెక్కను మఱల చదువవలెను: మందు పొందినవారిలోను సగమునకు మించి ఏడాది గడుపలేకపోయిరి.