గ్యాస్ సూది ఎవరికి? ఎంత? ఎలా?



ఓ.పి. దగ్గర మా సిస్టర్లు రోజూ వినే మాట ఒకటుంది: "సిస్టరమ్మా, కడుపుల మంట లేస్తుంది, ఒక్క గ్యాస్ సూది ఇయ్యున్రి, బస్సు పోతది." నొప్పితో ఉన్నవారి తొందర మాకు తెలుసు. అయితే అది గ్యాసును తీసే సూది కాదు, కడుపులో ఊరే ఆమ్లాన్ని తగ్గించే మందు. గోలీ మింగి కడుపులో నిలుపుకోగలిగినవారికి చాలావరకు గోలీయే చాలు. పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాముల గోలీ, అదే మోతాదు సూది ఆమ్లాన్ని తగ్గించడంలో దాదాపు సమానమే. వాంతులు ఆగనివారికి, ఆపరేషన్ కోసం నోటికి ఏమీ ఇవ్వకూడనివారికి, స్పృహ లేనివారికి, రక్తం కక్కుకొని వచ్చినవారికి సూది కావాలి.

పాంటోప్రజోల్ చిన్న సీసాలో పొడిగా వస్తుంది. దానిని 10 మి.లీ. నార్మల్ సెలైన్‌తో కరిగించి, కనీసం 2 నిమిషాలు పట్టేలా నరంలోకి ఇస్తాము. లేదా 100 మి.లీ. సెలైన్‌లో కలిపి 15 నిమిషాలు ఎక్కిస్తాము. ఎక్కువమందికి రోజుకు ఒక్కసారి చాలు. పిరుదుకు ఇచ్చే సూది కాదిది. వేరే మందుతో ఒకే సిరంజిలో కలపరాదు. అందుకే ముందూ వెనుకా సెలైన్‌తో గొట్టం కడుగుతాము.

రానిటిడిన్ పాతకాలం నుండి మీకు తెలిసిన మందే. 2 మి.లీ. ఆంపూల్‌లో 50 మిల్లీగ్రాములు ఉంటుంది, 6 నుండి 8 గంటలకు ఒకసారి ఇస్తారు. నరానికి ఇచ్చేటప్పుడు 20 మి.లీ. అయ్యేలా కలిపి 5 నిమిషాలు తీసుకుంటాము. ఒక్కసారిగా తోస్తే గుండె వేగం పడిపోవచ్చు. "ఆ సిస్టరు నిదానం" అని ఫిర్యాదు చేసేవారు ఈ సంగతి గమనించాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి డాక్టరుగారు సూదికీ సూదికీ ఎడం పెంచుతారు, కాబట్టి ఆ జబ్బు ఉంటే ముందే చెప్పండి. ఈ మందులో ఎన్.డి.ఎం.ఎ. అనే హానికర పదార్థం కనబడినందున 2020లో అమెరికా దానిని మార్కెట్ నుండి తీసివేయమన్నది. 2022లో మన దేశపు అత్యవసర మందుల జాబితా నుండి కూడా తొలగించారు.

కడుపులో పుండు పగిలి రక్తం పోతున్నవారి లెక్క వేరు. వారిలో కొందరికి మొదట 80 మిల్లీగ్రాముల పాంటోప్రజోల్, తరువాత గంటకు 8 చొప్పున 72 గంటల వరకు ఎక్కించవలసి వస్తుంది. సెలైన్ జల్ది అయిపోవాలని బంధువులు చక్రం తిప్పుతారు. దయచేసి ఆ పని చేయకండి.

ఈ పుండ్లు ఎలా వస్తాయి? హెలికోబాక్టర్ పైలోరి అనే క్రిమి ఒక కారణం. దానిని కనుగొన్న బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మన వైపు ఇంకొక కారణం, నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు దుకాణంలో కొనుక్కొని మింగే ఒళ్ళు నొప్పుల గోలీలు. పొగ, సారా ఆ పుండును మాననివ్వవు. (పౌలు తిమోతికి కడుపు జబ్బుకు చెప్పిన మాటను కొందరు సోదరులు నాకు గుర్తుచేస్తుంటారు. ఆయన కొంచెమే అన్నాడు, అదీ ద్రాక్షారసం!)

ఇక నాకు అన్నిటికంటె భయం కలిగించేది చెబుతాను. గుండెపోటు కూడా చాలామందికి "గ్యాస్ పట్టింది" అన్నట్లే ఉంటుంది. ఛాతి బరువెక్కడం, చెమటలు, ఆయాసం, నొప్పి ఎడమ చేతికి గాని దవడకు గాని పాకడం ఉంటే ఊళ్ళో సూది వేయించుకొని పడుకోవద్దు. షుగరు ఉన్నవారికి నొప్పి అంతగా తెలియకపోవచ్చు, వట్టి నీరసం, వికారమే ఉండవచ్చు. సూది తరువాత కాస్త తేలికయినంత మాత్రాన గుండెజబ్బు కాదని నమ్మరాదు. ఉట్నూరు, ఆసిఫాబాదు వైపు ఊళ్ళనుండి పెద్దాసుపత్రికి రావడానికే ఎంతో సమయం పడుతుంది, ఇక సూది కోసం ఆగితే గుండె కండరం చచ్చిపోతూనే ఉంటుంది. వెంటనే 108కి ఫోన్ చేయండి, ముందు ఇ.సి.జి. తీయించండి.

మలం తారులాగ నల్లగా, జిగటగా వచ్చినా, వాంతి కాఫీ పొడి రంగులో ఉన్నా రాత్రయినా సరే రండి. ఐరన్ గోలీలు వాడేవారికి కూడా మలం నల్లబడుతుంది, ఆ సంగతి డాక్టరుగారికి చెప్పండి. వచ్చేటప్పుడు పాత చీటీలతోపాటు ఇంట్లో వాడుతున్న గోలీల కవర్లన్నీ, దుకాణంలో కొన్నవి కూడా, ఒక సంచిలో వేసుకొని తీసుకురండి.