ముల్లు ఎర్ర గీత దాటకముందే

రొంపిచెర్ల నుంచి హైదరాబాద్ బయల్దేరిన కారు అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డెక్కితే పిడుగురాళ్ల, దాచేపల్లి దాటి, వాడపల్లి దగ్గర కృష్ణ మీదుగా తెలంగాణలోకి వెళుతుంది. కొత్త కారుకు ఆ దారి ఒక లెక్కలోది కాదు. పదిహేనేళ్లు దాటిన కారు మే నెల మిట్టమధ్యాహ్నం బయల్దేరితే మాత్రం నడిపేవాడి చూపు రోడ్డు మీద ఎంత ఉండాలో టెంపరేచర్ ముల్లు మీదా అంతే ఉండాలి. వేసవి వస్తే వాతావరణ వార్తల్లో ఏటా వినిపించే రెంటచింతల ఈ పల్నాడు జిల్లాలోదే మరి.

ఎండకాలంలో పాత బండి ఎందుకు హీటెక్కుతుందో చిన్న లెక్కతో తేలిపోతుంది. పెట్రోలులో ఉన్న శక్తిలో చక్రాలు తిప్పడానికి పనికొచ్చేది దాదాపు నాలుగో వంతు. మిగిలినదంతా వేడే. అందులో కొంత సైలెన్సర్ గుండా పోతుంది, కొంత ఇంజిన్ చుట్టూ తిరిగే నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లు మామూలుగా 90 డిగ్రీల దగ్గర తిరుగుతుంటాయి. రేడియేటర్ వాటి వేడిని గాలికి అప్పగించాలి. డిసెంబరులో గాలి 25 డిగ్రీలుంటే నీళ్లకూ గాలికీ తేడా 65 డిగ్రీలు. మే నెలలో గాలే 45కు చేరితే తేడా 45కు పడిపోతుంది. అంటే అదే రేడియేటర్, అదే ఫ్యాన్, అదే వేగంలో సుమారు 30 శాతం తక్కువ వేడిని బయటికి పంపుతాయి. కొత్త రేడియేటర్ ఈ లోటును ఓర్చుకుంటుంది. సగం గొట్టాలు పూడుకుపోయిన పాతది ఓర్చుకోలేదు. చలికాలమంతా చక్కగా తిరిగిన బండి వేసవి సెలవుల్లో మొదటి ప్రయాణానికే మొరాయించడం వెనుక ఉన్నది ఈ లెక్కే.

ఇలాంటి బండ్లు మన రోడ్ల మీద ఇంకా ఉన్నాయి. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా తొలి తాళాలు అందించిన మారుతీ 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అదే ఏడాది మేలో అంబాసిడర్ కూడా ఆగింది. అంటే వాటిలో అన్నిటికంటే చిన్నదానికి కూడా పదేళ్లు దాటిపోయాయి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగిసినా, ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. తండ్రి కొన్న కారును అమ్మబుద్ధి కాక ఉంచుకున్నవారు, సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని పెళ్లిళ్లకూ ఆసుపత్రులకూ వాడుకునేవారు వాటిని చూసుకుంటూనే ఉన్నారు. ఆ చూసుకోవడంలో ఎక్కువగా మరుగున పడేది నీళ్ల సంగతే.

కారు పుట్టిన నాటి నుంచీ ఉన్న గొడవ ఇది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులతో జర్మనీలోని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం భర్త తయారుచేసిన మూడు చక్రాల బండి మీద వెళ్లింది. కారులో దూరప్రయాణం చేసిన తొలి మనిషి ఆమే. ఆ బండికి నేటి రేడియేటర్ లేదు. నీళ్లు మరిగి ఆవిరై పోతుంటేనే ఇంజిన్ చల్లబడేది. అందుకని దారి పొడవునా దొరికిన చోటల్లా ఆగి నీళ్లు పోసుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. 1901 నాటి మెర్సిడెస్ కారుకు విల్‌హెల్మ్ మేబాక్ 8,070 సన్నటి గొట్టాలు పేర్చిన రేడియేటర్ తయారుచేశాక ఆ బాధ తీరింది. కొద్ది నీళ్లనే మళ్లీ మళ్లీ తిప్పుతూ గాలితో చల్లార్చే పద్ధతి అక్కడ కుదురుకుంది. నేటి కార్లలో ఉన్నదీ అదే ఏర్పాటు. కనుక బాగున్న కారులో నీళ్లు తగ్గకూడదు. వారం వారం సీసాడు నీళ్లు పోయాల్సి వస్తోందంటే ఎక్కడో కారుతోందని అర్థం.

ఈ ఏర్పాటులో అందరూ తక్కువగా చూసేది రేడియేటర్ మూతను. చల్లగా ఉన్నప్పుడు దాన్ని తీసి తిరగేస్తే కింద ఒక స్ప్రింగు, దాని అంచున రబ్బరు వాషరు, మధ్యలో చిన్న బిళ్ల కనిపిస్తాయి. స్ప్రింగు నీళ్లను సుమారు 0.9 కిలోల ఒత్తిడిలో పట్టి ఉంచుతుంది. మామూలుగా 100 డిగ్రీలకు మరిగే నీరు ఆ ఒత్తిడిలో 118, 120 దాకా మరగదు. ఒత్తిడి అంతకు మించితే కాస్త నీరు పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలోకి పోతుంది. ఇంజిన్ చల్లారాక మధ్యలోని బిళ్ల తెరుచుకుని ఆ నీటిని మళ్లీ లోపలికి లాగుతుంది. రబ్బరు ఎండిపోయి పగుళ్లు వస్తే ఈ పనులేవీ జరగవు. నీరు వందకే మరిగిపోతుంది, డబ్బాలోకి పోయింది తిరిగి రాదు. కొత్త మూత ఖరీదు దూరప్రయాణంలో ఒక పూట టిఫిన్ ఖర్చును మించదు. అయినా రేడియేటర్ మార్చినవారే మూత పాతదే బిగించుకుని వెళుతుంటారు.

వేడిగా ఉన్నప్పుడు అదే మూత తీస్తే ప్రమాదం. లోపల 110 డిగ్రీల్లో మరగకుండా ఉన్న నీరు, మూత వదులైన క్షణంలో ఒత్తిడి పోయి ఒక్కసారిగా మరిగి పైకి చిమ్ముతుంది. బానెట్ మీదికి వంగి ఉన్న మనిషి ముఖం, మెడ, చేతులు దానికి ఎదురుగానే ఉంటాయి. గుడ్డ చుట్టి తీస్తే ఏమీ కాదనుకోవడం పొరపాటు. తడిసిన గుడ్డ వేడినీళ్లను చర్మానికి అంటిపెట్టి ఇంకా ఎక్కువగా కాలుస్తుంది.

బండి ఎక్కడ హీటెక్కిందో చెబితే రోగం ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. శివరాత్రినాడు కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభల వెనకాల అంగుళం అంగుళం కదులుతూ వెళుతుంటే ముల్లు పైకి లేచి, రోడ్డు ఖాళీ అయ్యాక దిగిపోతే అనుమానం ఫ్యాన్ మీద. వేగంగా వెళ్లేటప్పుడు ఎదురుగాలే చాలు, నిలబడినప్పుడు ఫ్యానే దిక్కు. మారుతీలాంటి కార్లలో అది కరెంటు ఫ్యాను. ఫ్యూజు, రిలే, వేడి తెలిపే స్విచ్, మోటారు వరసగా చూడాలి. అంబాసిడర్‌లో బెల్టుతో తిరిగే ఫ్యాను కనుక బెల్టు వదులైందేమో చూడాలి. ఇందుకు భిన్నంగా, ఊళ్లో బాగానే ఉండి 80, 90 వేగంలో వెళుతుంటే ముల్లు లేస్తే ఫ్యాన్ తప్పు కాదు. నీళ్లు సరిగ్గా తిరగడం లేదు. రేడియేటర్ గొట్టాలు పూడాయి, లేదా మెకానిక్కులు వాటర్ బాడీ అనే పంపు అరిగింది, లేదా నీళ్లే తగ్గాయి. పల్నాడులో మరో కారణం కూడా ఉంది. పత్తి తీతల రోజుల్లో, వరికోతల రోజుల్లో ఈ రోడ్ల మీద తిరిగిన కారుకు రేడియేటర్ ముందున్న సన్నటి రేకుల మధ్య దూది పోగులు, పొట్టు, పురుగులు, దుమ్ము కలిసి దుప్పటిలా పట్టేస్తాయి. ఏసీ ఉన్న కార్లలో ముందు కండెన్సర్, వెనుక రేడియేటర్ ఉంటాయి కనుక ఈ చెత్త రెండింటి నడుమ ఇరుక్కుని పైకి కనిపించదు. ఇంజిన్ వైపు నుంచి బయటికి వచ్చేలా మెల్లగా నీళ్లు కొడితే పోతుంది. వాటర్ సర్వీసింగ్ పంపు ధారను దగ్గర పెట్టి కొడితే రేకులు వంగిపోతాయి.

ఘాట్ ఎక్కేటప్పుడు సంగతి వేరు. రొంపిచెర్ల వైపు నుంచి శ్రీశైలం వెళ్లేవారు వినుకొండ, మార్కాపురం మీదుగా దోర్నాల చేరి అక్కడ నల్లమల ఎక్కుతారు. ఐదుగురు మనుషులు, సామాను, ఏసీ, రెండో గేరు, తక్కువ వేగం. ఇంజిన్ ఎక్కువ వేడి పుట్టించేదీ, ఎదురుగాలి తక్కువగా దొరికేదీ ఇక్కడే. అడవి మధ్యలో మెకానిక్కు దొరకడు, ఫోన్ సిగ్నలూ అన్నిచోట్లా ఉండదు. పాత బండికి ఏ చిన్న అనుమానం ఉన్నా దోర్నాలలోనే తీర్చుకుని, పొద్దున్నే ఎక్కడం మంచిది.

ముల్లు సగం దాటి లేస్తోందని గమనించగానే ఏసీ కట్టేయాలి. అద్దాలు దించి హీటర్ పూర్తిగా పెట్టాలి. 44 డిగ్రీల ఎండలో హీటరా అని ఇంట్లోవాళ్లు కోప్పడవచ్చు. హీటర్ అంటే లోపల ఉన్న ఒక చిన్న రేడియేటరే. ఇంజిన్ వేడిలో కొంత దాని గుండా బయటపడుతుంది. ఈలోగా నీడ ఉన్న చోటు వెతుక్కుని ఎడమ అంచుకు దిగాలి. ముల్లు ఎర్ర గీతకు చేరినా, బానెట్ అంచుల నుంచి ఆవిరి వచ్చినా ‘వచ్చే ఊరు దాకా’ అని ఆశపడకుండా వెంటనే ఆపి ఇంజిన్ కట్టేయాలి. ఇంకొక మాయ కూడా ఉంది. నీళ్లు బాగా తగ్గిపోతే వేడి కొలిచే సెన్సరు నీటిలోంచి తేలి గాలిలో ఉండిపోతుంది. అప్పుడు ముల్లు లేవదు సరికదా, ఉన్నట్టుండి కిందికి జారుతుంది. మాడు వాసన వస్తూ ముల్లు చల్లగా చూపిస్తుంటే ముల్లును నమ్మకూడదు.

ఆపాక ఇండికేటర్లు రెండూ వెలిగించి, ఎర్ర త్రికోణం వెనుక దూరంగా పెట్టాలి. పిల్లలనూ పెద్దవాళ్లనూ కారులో కూర్చోబెట్టకుండా రోడ్డుకు దూరంగా చెట్టు నీడకు పంపాలి. ఏసీ ఆగిన కారు నిమిషాల్లో వేడెక్కుతుంది, ఆ ఎండకు ముందు నలిగేది వాళ్లే. జాతీయ రహదారి మీద ఉంటే 1033కు, ఎక్కడున్నా అత్యవసరమైతే 112కు ఫోన్ చేయవచ్చు. ఆ తర్వాత చేయాల్సింది ఆగడమే. కనీసం అరగంట, ఎండలో అయితే ముప్పావుగంట. బానెట్ అంచు నుంచి ఆవిరి వస్తున్నంతసేపు దాని జోలికి పోకూడదు. తర్వాత తెరిచి రేడియేటర్ పై హోస్ పైపును మందపాటి గుడ్డతో నొక్కి చూడాలి. గట్టిగా ఉంటే లోపల ఇంకా ఒత్తిడి ఉన్నట్టు. మెత్తబడ్డాక, ముఖం పక్కకు పెట్టి మూతను మొదటి గాటు దాకే తిప్పి, బుస్సుమనే చప్పుడు పూర్తిగా ఆగాకే తీయాలి. ఇంజిన్ స్టార్ట్ చేసి, అది మెల్లగా తిరుగుతుండగా నీళ్లు కొద్దికొద్దిగా పోయాలి. మాడిపోతున్న ఇంజిన్లో చల్లటి నీళ్లు గుమ్మరిస్తే హెడ్డు పగలవచ్చు.

ఏ నీళ్లు పోయాలన్నది పల్నాడులో చిన్న ప్రశ్న కాదు. పిడుగురాళ్లలో సున్నం బట్టీలు, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకున్నాయో అందరికీ తెలుసు. నేల అడుగున ఉన్నది సున్నపురాయి. ఆ రాతిని ఒరుసుకుని వచ్చిన బోరు నీరు గట్టి నీరు. కాచిన గిన్నె అడుగున తెల్లటి పొరగా మిగిలేది ఆ నీటిలోని సున్నపు లవణమే. రేడియేటర్‌లోనూ అంతే జరుగుతుంది. కారే చోట ఆవిరిగా పోయేది వట్టి నీరు, లోపల మిగిలేది సున్నం. లీకున్న కారుకు రోజూ బోరు నీళ్లు పోస్తుంటే పోసిన ప్రతిసారీ మరికాస్త సున్నం లోపల చేరుతుంది. రాగి ఎంత వేడిని తీసుకెళ్లగలదో ఈ పొర అందులో వందో వంతు కూడా తీసుకెళ్లలేదు. పదేళ్లు సున్నపు నీరు తాగిన రేడియేటర్ ఎండాకాలంలో లొంగిపోక ఏం చేస్తుంది? దారిలో ప్రాణం మీదికి వస్తే ఏ నీరైనా పోయవచ్చు, తప్పు లేదు. వాటర్ క్యాన్ నీరు దొరికితే మేలు. ఊరు చేరాక దాన్ని తీసేయించి శుభ్రం చేయించి, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోయించాలి. పల్నాడులో నీళ్లు గడ్డకట్టవు, కూలెంట్ ఎందుకని అడిగేవారున్నారు. తుప్పు పట్టకుండా ఆపేదీ, నీళ్లు త్వరగా మరగకుండా చూసేదీ అదే.

థర్మోస్టాట్ వాల్వు పీకి పారేయడం చాలా షెడ్లలో నేటికీ నడుస్తున్న వైద్యం. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఆపి, 80ల్లోకి చేరాక దారి ఇచ్చే తలుపు అది. ముదిరి మూసుకుపోతే బండి హీటెక్కడం నిజం. దానికి మందు కొత్తది వేయడం. పీకేస్తే ఇంజిన్ ఎప్పుడూ చల్లగానే తిరుగుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. కొన్ని ఇంజిన్లలో నీళ్లు రేడియేటర్ దాకా పోకుండా అడ్డదారిలో తిరిగి వచ్చేసి ఇంకా హీటెక్కుతుంది. ఆ సలహా ఇచ్చే షెడ్డుకు పాత కారును అప్పగించకపోవడమే మంచిది.

ఇన్నీ పట్టించుకోకుండా ఎర్ర ముల్లుతోనే పది కిలోమీటర్లు నడిపితే పోయేది హెడ్ గ్యాస్కెట్. ఇంజిన్ బ్లాకుకూ పైనున్న అల్యూమినియం హెడ్డుకూ మధ్య ఉండే పలుచటి అట్ట అది. అల్యూమినియం ఇనుము కంటే ఎక్కువగా సాగుతుంది కనుక అతివేడికి హెడ్డు వంగి, గ్యాస్కెట్ కాలిపోతుంది. అప్పుడు సైలెన్సర్‌లో ఆగకుండా తెల్ల పొగ, రేడియేటర్‌లో బుడగలు, ఆయిల్ డిప్‌స్టిక్ మీద పాలు కలిపిన టీ రంగు కనిపిస్తాయి. వీటిలో ఏది కనిపించినా స్టార్ట్ చేయకుండా టోయింగ్ బండి ఎక్కించడమే దారి. ఇక హెడ్డు విప్పి లేత్‌లో ఫేసింగ్ చేయించాలి. అరగంట ఆగి ఉంటే వంద రూపాయల హోస్ పైపుతో పోయేది, వేలల్లోకి చేరుతుంది.

ప్రయాణానికి వారం ముందే చల్లటి ఇంజిన్ మీద మూత, హోస్ పైపులు, బెల్టు, ఫ్యాను చూపించుకుని, ఒక రోజు నరసరావుపేట దాకా ఏసీ వేసి వెళ్లొస్తే లోపం ఉంటే ఊరి దగ్గరే బయటపడుతుంది. డిక్కీలో ఐదు లీటర్ల మంచినీళ్లు, ఒక మందపాటి గుడ్డ, స్పేర్ బెల్టు, రెండు ఫ్యూజులు ఉంచుకోవాలి. తీసేసిన పాత కూలెంట్‌ను మాత్రం రోడ్డు పక్కన ఒంపకూడదు. అది తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు, పశువులు నాకుతాయి, పిల్లలు వేలు పెట్టి రుచి చూస్తారు. డబ్బాలో పట్టి, మూత బిగించి షెడ్డువారికే అప్పగించాలి.