స్వాతిలో ఇనుము తక్కువ

మే నెలాఖరున రాత్రి పదింటికి వినుకొండలో మిద్దె మీద పక్క వేసుకుంటే దాదాపు నడినెత్తిన నారింజ రంగు చుక్క మెరుస్తుంటుంది. స్వాతి. ముత్యపు చినుకులు కురిపిస్తుందని పేరుంది గానీ, దాని ఒంట్లో ఇనుము మాత్రం సూర్యుడిలో ఉన్నదాంట్లో మూడో వంతే.

ఖగోళ శాస్త్రవేత్తలకు హైడ్రోజన్, హీలియం తప్ప తక్కినవన్నీ లోహాలే. మనం పీల్చే ఆక్సిజన్ కూడా! రసాయన శాస్త్రం మాస్టారు వింటే ఊరుకోరు. విశ్వం పుట్టినప్పుడు ఈ లోహాలు లేవనే చెప్పాలి. నక్షత్రాల కడుపులో ఉడికి, అవి పేలినప్పుడు చెల్లాచెదురై, తర్వాతి తరం చుక్కల్లో చేరాయి. అందుకే లోహం బాగా తక్కువంటే, సాధారణంగా అది పాతకాలపు చుక్క.

లోహం తక్కువని పట్టుకోవడం ఎలా? వెలుగును స్పెక్ట్రోగ్రాఫ్‌తో రంగులుగా విడదీస్తే, ఇనుము మింగేసిన చోట్ల సన్నటి నల్ల గీతలు కనిపిస్తాయి. గీత పలచబడితే సరుకు తక్కువన్నమాట. 1951లో ఖగోళ శాస్త్రవేత్తలు చాంబర్లిన్, ఆలర్ ఇలాగే రెండు చుక్కల పేదరికం బయటపెట్టారు. లద్దాఖ్‌లోని హాన్లేలో 2 మీటర్ల చంద్ర టెలిస్కోపుతో మనవాళ్లూ ఈ వేటలో ఉన్నారు.

2014లో ఆస్ట్రేలియా బృందం ప్రకటించిన చుక్కలో ఇనుము సూర్యుడితో పోలిస్తే కోటో వంతు కూడా లేదని అప్పట్లో లెక్క తేల్చారు. అసలు ఇనుము గీతే దొరకలేదు.